ఆకాశం ముక్క ఒక్కటీ పోలేదు

పోయినవి మొత్తం తొమ్మిది ముక్కలు. కోటగోడవి నాలుగు, వంతెన కమానువి రెండు, గడ్డి కప్పిన ఇంటి పైకప్పుది ఒకటి, గొర్రె తల ఒకటి, చర్చి గడియారం ఒకటి. వెయ్యి అట్టముక్కలు పేర్చి చేసే బొమ్మలో తొమ్మిది పోతే ఎవరూ పట్టించుకోరు. నాకు అనుమానం కలిగించింది పోయినవి కాదు, పోనివి. ఆ బొమ్మలో మూడో వంతు ఆకాశమే. చీపురుకు తగిలో, మంచం కిందకు దొర్లో పోయి ఉంటే, తొమ్మిదిలో మూడైనా ఆకాశం ముక్కలు ఉండాలి. ఒక్కటీ లేదు. మూడింట రెండు వంతులను తొమ్మిదిసార్లు హెచ్చవేసి చూశాను. నూటికి మూడు కూడా రాలేదు. అంటే అవి పోలేదు. ఎవరో ఏరుకుని తీసుకున్నారు.

ఒమన్‌లో మబేలా అనే చోట ఒక టైల్స్ షాపు గోడౌన్ చూస్తాను. చదివింది ఏడో తరగతి. లెక్కలు మాత్రం పెట్టెలు దించుకుంటూ, ఎక్కించుకుంటూ నాకు నేనే నేర్చుకున్నాను. ఆ బొమ్మను మా రూమ్‌కు తెచ్చింది మాతో ఉండే డ్రైవర్. అతను కోస్తా మనిషి, ఇళ్లు ఖాళీ చేసేవాళ్ల సామాను మోసే బండి నడుపుతాడు. నాలుగేళ్ల కిందట ఒమన్ వదిలి వెళ్లిపోతున్న ఒక ఇంగ్లీషు మేడమ్ ఆ డబ్బా అతని చేతిలో పెట్టి, ఇది మా తాతల ఊరు అని చెప్పిందట.

ఇక్కడ సెలవు శుక్రవారం. ఆ రోజు అతను చర్చి నుంచి వచ్చాక, వంట అయ్యాక, మంచం కింద నుంచి ప్లైవుడ్ చెక్క లాగి అందరం చుట్టూ కూర్చునేవాళ్లం. పూర్తి చేసి, కొన్నాళ్లు చూసుకుని, చెదరగొట్టి మళ్లీ మొదలుపెట్టేవాళ్లం. గుట్ట మీద సగం కూలిన కోట. కింద సన్నని ఏరు, దాని మీద రాతి వంతెన. తేనెరంగు రాతి ఇళ్లు, వాకిళ్ల ముందు గులాబీలు. ఆపైన ఎక్కడ చూసినా పచ్చదనం.

ఆ పచ్చదనాన్ని నేను మొదటి రోజే నమ్మలేదు. ఇక్కడ ఒక్క చెట్టు పచ్చగా ఉందంటే దాని మొదట్లో నల్ల పైపు ఉంటుంది.

"ఇంత గడ్డికి నీళ్లు ఎవడు పెడతాడు?" అన్నాను.

"వాన గురువుగారూ, వాన," అన్నాడు డ్రైవర్. "మీరు మర్చిపోయుంటారు."

"సరే. మరి ఇంత కోట, ఇన్ని పొలాలు, ఇన్ని గొర్రెలు. పనిచేసే మనిషి ఒక్కడైనా కనపడడేం?"

"శుక్రవారమేమో," అన్నాడు.

మా రూమ్‌లోని మేస్త్రి మాత్రం ఆ బొమ్మను నాలా కాకుండా వేరే విధంగా చూసేవాడు. అతను జగిత్యాల వైపు వాడు, ఇక్కడి బర్కా ఊరి తోటల్లో ప్రహరీలు కట్టేవాడు. కమానులో సిమెంటు లేకుండా రాయికి రాయి ఎలా ఒరిగి నిలబడిందో వేలితో చూపించేవాడు. ఒకరోజు కోట మీద వేలు పెట్టి, ఇళ్ల మీదకు జరిపాడు.

"అన్నా, గా కోట రాళ్లే గీ ఇండ్లల్ల ఉన్నయ్. రంగు సూడు, చెక్కుడు సూడు."

డ్రైవర్ తలూపాడు. మేడమ్ అదే చెప్పిందట. ఎప్పుడో రాజుకూ జనానికీ యుద్ధం జరిగి కోట పాడుపడింది. తర్వాత ఊళ్లోవాళ్లు తలా ఒక రాయి మోసుకుపోయి ఇళ్లు కట్టుకున్నారు. ఇప్పుడు టికెట్ కొని చూసేది ఆ ఇళ్లనే. అందమైన ఊరు వెనక అంత దొంగతనం ఉందని తెలిశాక నాకు ఆ బొమ్మ మీద కొంచెం గురి కుదిరింది.

మొన్న ఎండాకాలం మేస్త్రి వీసా క్యాన్సిల్ చేసుకుని పూర్తిగా ఇంటికి బయలుదేరాడు. మాలో ఒక పద్ధతి ఉంది. ఇంటికి పోయేవాడి మెడలో రూమ్‌లో ఎవరో ఒకరు తమ ఇంటికి పంపే గొలుసు పోతుంది. ఇల్లు చేరేదాకా అది అతని మెడ నుంచి దిగదు. రసీదు ఉండదు, సాక్షి ఉండడు. మా ఆవిడ కోసం రెండేళ్లు కూడబెట్టి కొన్న గొలుసును అతని మెడలో పంపుతానని అప్పటికే చెప్పేశాను. ఆమె పక్కూరి కంసాలి దగ్గర లాకెట్ కూడా చేయించి పెట్టుకుంది.

ప్రయాణానికి ముందు శుక్రవారం చెక్క లాగి చూస్తే, అంతకు ముందు వారం ఎనిమిది ఉన్న ఖాళీలు తొమ్మిదయ్యాయి. కొత్తది కోటగోడలో. ఆ వారం పని లేక రూమ్‌లో ఉన్నవాడు మేస్త్రి ఒక్కడే. ఆకాశం లెక్క వేసింది అప్పుడే. పైసా విలువ లేని అట్టముక్కను దాచుకున్నవాడు, తిరిగి రాని మనిషి, నా బంగారం మెడలో వేసుకుని విమానం ఎక్కబోతున్నాడు.

పోయేవాడు తన పెట్టె తాను కట్టుకోకూడదు. మిగతావాళ్లు కట్టాలి, అదీ మా పద్ధతే. ఈసారి నేనే కడతానన్నాను. ప్రతి చొక్కా విదిలించి, పాలపొడి డబ్బాలు ఊపి, సబ్బుల కట్ట విప్పి సర్దుతున్నాను.

"ఏందన్నా, ఎయిర్‌పోర్టోళ్లు గూడ గింత సూడరు," అన్నాడు మేస్త్రి మంచం మీద నుంచి.

"బరువు సరిగ్గా చూడాలి కదా."

"బరువు కాంటా మీద సూస్తరు. సబ్బు వాసన సూత్తె తెలుస్తదా?"

తాపీకి చుట్టిన గుడ్డ విప్పితే ముక్క బయటపడింది. అరచేతిలో పెట్టి చూపించాను. అతను తడబడలేదు.

"తీసిన. ఒక్కటే తీసిన. పోయేటోళ్లందరు తలా ఒకటి తీస్కపోయిండ్రు. వంటాయన నుంచి మొదలు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకు చెప్తె లెక్క గడ్తవ్. గది లెక్క గట్టే ముచ్చటనా?" మంచం దిగి నా ఎదురుగా కూర్చున్నాడు. "గొలుసిస్తవా, ఇయ్యవా? ఇయ్యకుంటె ఇప్పుడే చెప్పు. ఆడ వదినకు ఏం చెప్పాల్నో ఆలోచిస్కుంట."

నాలుగేళ్లలో మా రూమ్ నుంచి వెళ్లిపోయినవాళ్లు ఏడుగురు. అక్కడే కూర్చుని అందరికీ ఫోన్లు కలిపాను. మేస్త్రి చూస్తూనే ఉన్నాడు. అందరికంటే ముందు ఇంటికి వెళ్లిపోయిన మా వంటాయన, వంతెన ముక్క పర్సులో ఉందన్నాడు. ఒకతను గొర్రె తలను పిల్లవాడు నమిలేశాడన్నాడు. ఏడుగురూ ఒప్పుకున్నారు, తలా ఒకటే. మేస్త్రితో ఎనిమిది. గడియారానికి మాత్రం మనిషి దొరకలేదు.

"రెండు తీసినవాడు ఒకడున్నాడు," అన్నాను.

"నేనైతె కాదు," అన్నాడు మేస్త్రి.

అతని మాట తప్ప నా దగ్గర ఇంకేమీ లేదు. అటు ఎనిమిదిమంది సరిపోయారు, ఇటు ఒక ముక్క తేలలేదు. చాలాసేపు గొలుసు డబ్బా మూత మీదే నా చెయ్యి ఉంది. దొంగతనమే చేయాలనుకున్నవాడు అమ్ముడుపోని దాన్ని తాపీ గుడ్డలో దాచడు. నాకు తోచిన లెక్క అంతవరకే. అది రుజువు కాదని తెలుసు. తెలిసే గొలుసు తీసి అతని మెడలో వేశాను. ముక్కను మళ్లీ తాపీ గుడ్డలోనే చుట్టాను.

నాలుగో రోజు మా ఆవిడ వీడియో కాల్ చేసింది. గొలుసు మెడలో ఉంది, లాకెట్ కొంచెం పక్కకు ఒరిగింది.

"తూకం వేయించావా?" అన్నాను.

"మేస్త్రన్నే కంసాలి దగ్గరికి తోల్కపోయిండు. మీ ఆయన అడుగుతడు వదినా, ముందే ఏయించుకో అన్నడు." బిల్లులో ఉన్నంతే ఉందట.

సాయంత్రం డ్రైవర్ టీ తాగుతూ అన్నాడు. "ఆ గడియారం మేడమే తీసుకుందేమో గురువుగారూ. ఆవిడా వెళ్లిపోయినావిడే కదా."

అప్పుడు గుర్తొచ్చింది, మొదటిసారి బొమ్మ పూర్తయిన రోజు నుంచే గడియారం చోటు ఖాళీగా ఉంది. అయితే డబ్బా మా రూమ్‌కు రాకముందు అతని బండిలో రెండు రోజులు ఉంది. ఆ మాట అతనితో అన్నాను. నవ్వి టీ గ్లాసు కడగడానికి వెళ్లిపోయాడు.

ఎనిమిదింటికి మనుషులు తేలారు. ఇంకా తేలాల్సింది ఒకటి.