పెద్దమ్మ స్పానిష్ పరీక్ష

మా పెద్దమ్మ ఆసుపత్రి బట్టల గదిలో కుట్టుపని చేసేది. చిరిగిన దుప్పట్లు, గుండీలు ఊడిన డాక్టర్ల కోట్లు ఆమె మిషను దగ్గరికే వచ్చేవి. చిన్నప్పుడు స్కూలు ఆఖరి పరీక్షల్లో అన్నీ పాసై, ఒక్క స్పానిష్ తప్పింది. ఆ ఏడే వాళ్లమ్మ మంచం పట్టడంతో మళ్లీ రాయలేదు. ఇరవై ఆరేళ్ల తర్వాత, సూపర్‌వైజరు కావాలంటే సర్టిఫికెట్ ఉండాలన్నారు. పెద్దమ్మ ప్రైవేటుగా పరీక్షకు కట్టింది.

సెలవు రోజుల్లో నేను వెళ్లి పాఠం అప్పజెప్పించుకునేదాన్ని.

"'ఉండటం' అనడానికి మనకి ఒక్క మాట చాలదటే? ఈ స్పానిష్ వాళ్లకి రెండెందుకు?" అని విసుక్కునేది.

రాత పరవాలేదు. పలకడమే కొరుకుడు పడలేదు. అప్పుడు దొరికాడు ఓడ తాత. కాలు విరిగి ఎముకల వార్డులో చేరిన ముసలి వంటవాడు. ముప్పై ఏళ్లు స్పానిష్ వాళ్ల ఓడల్లో వండాడట. చదవడం, రాయడం రావు గానీ నోరు తెరిస్తే ఆ భాష వరదే. మధ్యాహ్నం భోజనాలయ్యాక పెద్దమ్మ ఆయన మంచం పక్కన స్టూలు వేసుకునేది. సెలవైతే నేనూ పక్కనే ఉండేదాన్ని.

"కుక్క అను, అమ్మాయ్."

"పెరో."

"అది 'కానీ'. కుక్కకి బండి ఱ పడాలి. పెఱ్ఱో!"

పక్క మంచాలవాళ్లూ అందుకున్నారు. నర్సు పరుగెత్తుకొచ్చి, "ఇది ఆసుపత్రా, కుక్కల దొడ్డా?" అని కసిరింది. ఆ మధ్యాహ్నాలు ఇప్పటికీ మందుల వాసనతో సహా గుర్తొస్తాయి నాకు.

మౌఖిక పరీక్ష నాడు నేను వరండాలో నిలబడ్డాను. మీ పని గురించి చెప్పమంది పరీక్షకురాలు. పెద్దమ్మ సూది, దారం, దుప్పట్ల గురించి ధారాళంగా చెప్పుకుపోయింది. మధ్యలో ఏదో మాట తట్టక, అలాంటప్పుడు ఓడ తాత వాడే మాటే తనూ వాడేసింది. పరీక్షకురాలు పకపకా నవ్వింది.

"ఏమన్నావు పెద్దమ్మా?" అని బయటికి రాగానే అడిగాను.

"'అయ్యో పాపం' లాంటిదనుకున్నానే! ఓడవాళ్ల బూతట!" అంది, చెవుల దాకా ఎర్రబడి.

అరవై ఒక్క మార్కులతో పాసైంది. సూపర్‌వైజరు ఉద్యోగం మరుసటి ఏడు గానీ రాలేదు. ఫలితాలొచ్చేసరికి తాత ఇంటికి వెళ్లిపోయాడు. చిరునామా కనుక్కుని, ఆదివారం ఇద్దరం వెళ్లాం. మార్కుల కాగితం నేనే చదివి వినిపించాను.

"అయితే మనం గట్టెక్కినట్టేనా, అమ్మాయ్?" అన్నాడు తాత.

"ఎక్కేశాం, బాబాయ్," అంది పెద్దమ్మ.