ఎల్లవ్వ నన్ను తన్నలేదు

వంటింట్లో వావిలాకు ఉడుకుతున్న వాసన వస్తే చాలు, నా చేయి దానంతట అదే నడుము మీదికి పోతుంది. ఆ చేదు వాసనతోపాటు ఎల్లవ్వ గుర్తొస్తుంది. జనగామలో మా వెనక వీధిలో ఉండేది. ఎదురుకాళ్లతో పుట్టిన మనిషి. అలా పుట్టినవాళ్లు కాలితో తంతే పట్టేసిన నడుము వదులుతుందని మా వైపు నమ్మకం. పొద్దున్నే ఆమె గుమ్మం ముందు ముగ్గురు నలుగురు బోర్లా పడుకుని ఉండేవారు. నేను నవ్వుకునేవాణ్ణి. ఎవరినీ ఊరికే నమ్మే అలవాటు నాకు లేదు.

తెలంగాణ కోసం ఉద్యోగులమంతా సమ్మెలో ఉన్న రోజులవి. నేను తహసీలు ఆఫీసులో గుమాస్తాను. నడిరోడ్డు మీద వంటావార్పు పెట్టుకున్నాం. అన్నం గుండిగ ఒక్కణ్ణే ఎత్తబోతే నడుము కలుక్కుమంది. అక్కడే కూలబడ్డాను. మర్నాడు రాస్తారోకో ఉంది. "గిదేం నొప్పి తమ్మీ, సరిగ్గ లాఠీలు పడే దినం సూసుకొని అచ్చింది!" అన్నాడు మా ఆఫీసు పెద్ద యాదగిరన్న. అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. పాకుతూనైనా పోవాల్సిందేనని పంతం పట్టి, తెల్లవారగానే నా భార్య సుజాత భుజం పట్టుకుని వెళ్లి ఎల్లవ్వ గుమ్మం ముందు బోర్లా పడ్డాను.

ఆమె కాలు ఎత్తలేదు. "ఇటు తిరుగు బిడ్డా. కాలి బొటనేలు పైకి లేపు" అంది.

లేపాననే అనుకున్నాను. కుడికాలి వేలు కదల్లేదు.

"ఒంటికి పోయినవా?"

"రాత్రి సంది అస్తలేదవ్వా. గదంత ఎందుకు? ఒక్క తన్ను తన్నరాదు!"

"నేను తన్న. దవాఖానకు నడువు."

రేషన్ కార్డు కోసం ఆమె పెట్టుకున్న దరఖాస్తు ఆర్నెల్లుగా నా బల్ల మీదే పడి ఉంది. ఊరందరినీ తన్నే మనిషి నన్నొక్కణ్ణే తన్ననంటే ఇంకేముంటుంది, కసి తీర్చుకుంటోంది అనుకున్నాను. పైకి అనేశాను కూడా. సుజాత నా నోరు మూయించి ఆటో పిలిచింది. పిలవకుండానే ఎల్లవ్వ కూడా ఎక్కింది.

చౌరస్తాలో రోడ్డుకు అడ్డంగా రాళ్లు పెట్టి మావాళ్లే ఆటో ఆపారు. "ఎటు తమ్మీ, సవారి?" అన్నాడు యాదగిరన్న. ఎల్లవ్వ తల బయటపెట్టి, "కాలు పడిపోతంది నీ దోస్తుకు! నమ్మకుంటె నువ్వే అచ్చి సూడు!" అని అరిచింది. ఆయన వచ్చి నా పాదం పట్టుకుని చూశాడు. మొహం పాలిపోయింది. పోయి రాళ్లు తనే పక్కకు లాగాడు.

ఆటో కదిలాక, "అవ్వా, సమ్మె అయిపోంగనే నీ కార్డు సంగతి నేను జూస్త" అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. "గందుకే అచ్చిననుకున్నవా?"

నేను మొహం రోడ్డు వైపు తిప్పుకున్నాను. ఆమే అంది: "మా తమ్మున్ని గిట్లనే తన్నిన. మల్ల లేవలే. అప్పటిసంది బొటనేలు లేస్తెనే తంత."

దవాఖానలో పరీక్ష చేసి, వెన్నుపూసల మధ్య నరం నలిగిందని చెప్పి, "ఎవరూ తొక్కలేదు కదా?" అని డాక్టరు రెండుసార్లు అడిగాడు. ఆరోజే వరంగల్ పంపి ఆపరేషన్ చేయించారు. ఇంటికొచ్చాక మోకాళ్ల కింద దిండు, రోజూ నాలుగడుగులు ఎక్కువ నడక, గాయం మానాక వావిలాకు కాపడం, అన్నీ ఎల్లవ్వే దగ్గరుండి సుజాతకు నేర్పింది. నేను నడిచాను.

ఆమె పోయి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ ఎవరైనా మేలు చేస్తే, వీళ్లకు నాతో ఏం పని పడిందోనని వెతికే పాడుబుద్ధి నాకు పోలేదు. వెతికిన ప్రతిసారీ ఆమె అడిగిన మాట చెవిలో పడుతుంది. అప్పుడు చెప్పని జవాబు ఇప్పుడు చెబుతున్నాను. అవునవ్వా, గందుకే అచ్చినవనుకున్న.