వలపటి ఎద్దు కోసం

మార్కాపురంలో పలకల బండి ఎక్కి కురిచేడు పోతున్నాను. సగం దారిలో ఒక మనిషి, ఎదురొచ్చే ప్రతి బండినీ ఆపి కాడికి కుడివైపున్న ఎద్దు చెవి పట్టుకుని చూస్తున్నాడు. భుజాన కొత్త పగ్గం. మా ఎద్దునూ అట్లాగే చూసి, అడక్కుండానే బండి వెనక ఎక్కి కూర్చున్నాడు.

"ఏంది మామా, ఎద్దుకు పోగులు కుట్టిస్తావా?" అన్నాడు బండి తోలే నరసింహం.

"మా బొల్లిగాడి చెవి చీలి ఉంటాది నాయనా. కంప గీరుకొని చీలింది."

పేరు అంకన్న, ఊరు గిద్దలూరు పక్కన కొండ కింద. ఆంధ్ర రాష్ట్రం వచ్చి ఏడాది కాలేదు. అంతకుముందు కరువులో, గడ్డి లేక, జతలో ఒక ఎద్దును, ఆ బొల్లిగాణ్ణే, సంతలో తెగనమ్మాడు. ఇప్పుడు వానలు పడ్డాయి. ఎద్దు కొనుక్కోమని సర్కారు కరువు సాయం రెండు వందలు ఇచ్చింది. నెలలోగా కొన్న ఎద్దును తాలూకా కచేరీ ముందు నిలబెట్టాలి, లేదంటే డబ్బు వెనక్కి కట్టాలి. అప్పటికి ఇరవై ఏడు రోజులు గడిచాయి.

"ఇన్ని సంతల్లో ఒక్క ఎద్దూ దొరకలేదా?" అన్నాను.

"దొరక్కేం పెద్దయ్యా. కనిగిరిలో ఒకదాన్ని బేరం గూడ చేసినా. కానీ ఇంటికాడ దాపటోడు ఉండాడు గదా."

దాపట అంటే కాడికి ఎడమ పక్క, వలపట అంటే కుడి పక్క.

"రెండేండ్లాయె. ఈ పొద్దుకీ మేత గాడికాడ కుడిపక్కన జాగా వదిలి నిలబడతాడు. ఆ జాగాలో ఆవును కట్టేస్తే పొడిచి తరిమినాడు. నీకూ వానికీ ఒకటే తెగులు అంటాది మా ఇంటిది శ్రీశైలమ్మ."

గుళ్ళ చుట్టూ తిరిగిన రోజుల్లో రాతి శాసనాలు చాలా చదివాను. దీపపు నేతికి ఫలానావాడు పాతిక గొర్రెలిచ్చాడని చెక్కి ఉంటుంది. ఆ గొర్రెలు వెళ్ళిపోయిన సాయంత్రం ఇచ్చినవాడి దొడ్డి ఎట్లా ఉందో ఏ రాయీ చెప్పలేదు. బండిలో అంకన్న పక్కన కూర్చుంటే ఆ దొడ్డి గుర్తొచ్చింది.

వాగు దగ్గర బండ్లు ఆగాయి. ఎద్దులకు నీళ్ళు తాపుతూ ఈల వేయడం ఇక్కడి వాడుక. ఎవరి ఈల వాళ్ళది. అంకన్న గట్టు మీద నిలబడి సన్నగా, చివర తెగినట్టు ఒక ఈల వేశాడు. పది పన్నెండు ఎద్దులు తాగుతూనే ఉన్నాయి. ఒక్కటి మాత్రం తలెత్తింది. మూతి నుంచి నీళ్ళు కారుతున్నాయి.

అంకన్న మోకాటి లోతు నీళ్ళలో పరుగెత్తి దాని చెవి పట్టుకున్నాడు. చెవి చీలిక లేకుండా నిండుగా ఉంది. పట్టిన చెయ్యి వెంటనే వదలలేదు.

"మా ఎద్దును ఈలేసి పిలుస్తుండావు, నన్ను పిలిచేవాడే లేకపాయె" అంది ఆ ఎద్దును తోలుకొచ్చిన చింతపండు బండి కొండమ్మ. అతని మొహం చూసి నవ్వు ఆపింది. "చెవి చూస్తుండావంటే, చీలిన చెవిదా అన్నా నీది? నిన్న ఇక్కడే నీళ్ళు తాగింది. మిరపకాయల బండి. వినుకొండ దోవ పట్టినారు."

"బొల్లిదేనా?"

"దుమ్ము కొట్టుకొని ఉండాది. రంగు చెప్పలేను."

నరసింహం వేళ్ళు మడిచి చూశాడు. "రేపు కురిచేడులో ఒకదాన్ని కొని తోలుకుపోతే గడువుకు అందుకుంటావు మామా. వినుకొండ పోయినావంటే తప్పుతాది. అది నీ ఎద్దే అయినా, వాళ్ళు అమ్మాల గదా."

అంకన్న నడుముకు కట్టిన డబ్బు సంచి తడుముకున్నాడు.

"నేను కాడి దించి అమ్మేటప్పుడు, అది నడిచిపోతా పోతా నా ఈల కోసరం రెండుసార్లు ఆగింది" అన్నాడు. "నేను వెయ్యలే."

పలకల కట్టలు సర్దడానికి నేను అటు తిరిగాను. మళ్ళీ చూసేసరికి అతను వాగు దాటి, భుజాన పగ్గంతో, వినుకొండ బాటలో పోతున్నాడు. నరసింహం పిలిచాడు. వెనక్కి చూడలేదు. కాసేపటికి ఆ ఈల వినిపించింది, చివర తెగినట్టు.