నేలకు పలక పరిచిన స్పోర్ట్స్ కారు

మా తాలూకాను కర్నూలు జిల్లాలోంచి తీసి కొత్త జిల్లాలో కలిపిన తొలి సంవత్సరాలవి. పెద్దవాళ్ళు ఉత్తరాల మీద అలవాటుగా పాత జిల్లా పేరు రాసి, నాలుక కరుచుకుని, కొట్టేసి, పక్కన కొత్త పేరు రాసేవారు. ఆ రోజుల్లో మార్కాపురంలో ఇరవై రెండేళ్ళ కుర్రవాడికి పగటికలలు కనడానికి కావలసినంత తీరిక ఉండేది. నా స్నేహితుల్లో కొందరు సినిమా తారల గురించి కలలు కనేవారు, కొందరు గవర్నమెంటు ఉద్యోగం గురించి. నేను మాత్రం కార్బ్యురేటర్ గురించి కలలు కనేవాణ్ణి. (నవ్వకండి. ఆ వయసులో ఎవరికి కనిపించే అందం వాళ్ళది.) నా కలలో ఎప్పుడూ ఒకటే దృశ్యం: పైకప్పు లేని ఎర్ర కారు, ఎదురుగా నీలంగా నల్లమల కొండలు, గాలికి వెనక్కి ఎగురుతున్న నా జుట్టు. ఇప్పుడు ఎగరడానికి జుట్టు మిగల్లేదు గానీ, కల మాత్రం మధ్యాహ్నం కునుకులో అప్పుడప్పుడు వచ్చిపోతూనే ఉంది.

ఆ కారు కల కాదు, నిజంగానే ఉండేది. మా పెద్దనాయనకు పలకల ఫ్యాక్టరీ. బడిపిల్లలు బలపంతో రాసుకునే రాతి పలకలు. గని నుంచి వచ్చిన రాయిని ఉలితో పొరలు పొరలుగా చీల్చి, కోసి, నునుపు చేసి, చుట్టూ చెక్క ఫ్రేము బిగించి నానా దేశాలకూ పంపేవారు. నేను అక్కడే గుమాస్తాని. ఒకసారి మద్రాసు నుంచి పలకలు కొనడానికి ఒక వ్యాపారి సొంత కారులో వచ్చాడు. ఇంగ్లీషువాళ్ళు ఎప్పుడో తయారుచేసిన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. ఎంత కిందికి ఉండేదంటే, అందులో కూర్చుంటే పక్కన పోయే మేకలు మనల్ని పైనుంచి చూసేవి. మా రోడ్లు దాన్ని రెండు రోజుల్లో మూలన పడేశాయి. ఆయన దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, టైరును ఒక తన్ను తన్ని, "మీరే ఉంచుకోండి" అని తాళంచెవి పెద్దనాయన చేతిలో పెట్టి రైలెక్కి వెళ్ళిపోయాడు. పెద్దనాయన దాన్ని ఫ్యాక్టరీ వెనక షెడ్డులోకి తోయించి మరచిపోయాడు. కోళ్ళు మాత్రం మరచిపోలేదు. నేను మొదటిసారి డ్రైవరు సీటు మీది గోనెపట్టా ఎత్తినప్పుడు, గుడ్ల మీద కూర్చున్న పెట్ట నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

ఆ పెట్టను ఖాళీ చేయించి, ఏడాదిన్నర పాటు ఆదివారాలూ సాయంత్రాలూ ఆ షెడ్డులోనే గడిపాను. ఆ కారుకు విడిభాగాలు మద్రాసులోనే దొరకవు, మార్కాపురంలో ఎక్కడ దొరుకుతాయి? అందుకని రేడియేటర్‌కు పంపుసెట్టు గొట్టం వేశాను. హెడ్‌లైట్లలో ఒకటి జీపుది, ఇంకొకటి బస్సుది. (రెండు కళ్ళూ చెరో దిక్కు చూసేవి.) హారన్ లారీది. స్టీరింగు ముందున్న చెక్క పలకను చెదలు తినేస్తే, దాని కొలతకే రాతి పలక కోయించి బిగించాను. సైలెన్సర్ తుప్పుపట్టి రాలిపోతే, అది లేకుండానే ఇంజను గొంతు గంభీరంగా ఉందని అలాగే వదిలేశాను. దాంతో కారు నడుస్తుంటే లోపల ఇద్దరూ ఎంత అరిచినా ఒకరి మాట ఒకరికి వినిపించేది కాదు. ఏదైనా చెప్పాలంటే ముందున్న ఆ పలక మీద బలపంతో రాయాల్సిందే. నేను దీన్ని కూడా ఒక సౌకర్యం కిందే లెక్క వేసుకున్నాను.

పెద్దమ్మకు మాత్రం ఆ గంభీరమైన గొంతు నచ్చలేదు. "ఏందిరా అది, పిండిమర మాదిరి! పెండ్లి చేసుకోరా అంటే ఆ ఇనుముకు నూనె పూసుకుంటా కూర్చుంటావు. రేపు పిల్లనిచ్చేటోళ్ళు వచ్చి అబ్బాయి యాడంటే, కారు కింద ఉండాడు, కాళ్ళు చూసిపొమ్మని చెప్పాల్నా?" అనేది. ఆవిడ చెప్పినదాంట్లో అబద్ధమేమీ లేదు. ఆ ఏడాదిన్నరా ఇంట్లోవాళ్ళు నా ముఖం కంటే నా కాళ్ళనే ఎక్కువగా చూశారు.

ఇక మిగిలింది కారు నేల. ఒకరోజు పెద్దనాయన చూడ్డానికి వచ్చి, దర్జాగా లోపల కాలు పెడితే, తుప్పుపట్టిన రేకులోంచి ఆ కాలు నేరుగా షెడ్డు మట్టి మీద ఆనింది. "కొత్త రేకు వేయాల పెద్దనాయనా, ఒంగోలు నుంచి తేవాల" అన్నాను. ఆయన అభిమానం దెబ్బతింది. "పలకల ఊర్లో కూర్చొని రేకు కోసం ఒంగోలు పోతావా? నలుగురింటే ఏమనుకుంటారు? రాయికి తుప్పుండదు, చెదలుండదు. మంచి మందం చూసి పలకే పరుచు" అన్నాడు. ఆయనకు ఇంటి అరుగు, పూజ గది, చివరకు స్నానాల గది కూడా పలకే. లోకంలో పలకతో కుదరని పని ఉందని ఆయన నమ్మేవాడు కాదు. మా ఫ్యాక్టరీలో జీవితమంతా రాళ్ళు చీల్చిన ఒక ముసలాయన ఉండేవాడు, అందరం ఉలి తాత అనేవాళ్ళం. ఆయన ఒక్కడే తల అడ్డంగా ఊపాడు. "అయ్యా, పలకంటేనే పొరలు గదా. విడిపోవడమే దాని గుణం. ఆ కుదుపులకు ఆగుతాదా?" అన్నాడు. "నీ ఉలి తగలకుండా అదెట్ల విడిపోతాది?" అన్నాడు పెద్దనాయన. ఉలి తాత ఆ పొగడ్తను అందుకుని ఉలి తీశాడు. వారంలో కారుకు నల్లటి రాతి నేల వచ్చింది. నూనె పెట్టి తుడిస్తే ముఖం కనిపించేది. చూడ్డానికి వచ్చినవాళ్ళు చెప్పులు విడిచి ఎక్కేవారు.

అంతా సిద్ధమైంది అనుకుంటుండగా పెద్దనాయన ఒక బాంబు పేల్చాడు. ఫ్యాక్టరీకి కొత్త కోత మిషన్ వస్తోంది, దానికి ఆ షెడ్డు కావాలి. "కారును ఏం చేస్తావు?" అని అడిగాడు. నా ముఖం చూసి తనే, "సరే, వచ్చే బుధవారం గిద్దలూరులో మనోళ్ళ పెండ్లి ఉంది. నన్ను దీంట్లో తోలకపోయి తోలకరా. పెండ్లింటి కాడ తప్ప దారిలో నేను యాడా దిగను. దిగి నడవాల్సొచ్చిందో, బస్సెక్కాల్సొచ్చిందో, తెల్లారి దీన్ని పాత ఇనుముకు తోలేస్తా. ఇంటి ముందర దిగినానా, కారు నీది" అన్నాడు. ఆ వారం రోజులు కారు కిందే ఉన్నాను. ఉన్న ప్రతి నట్టునూ రెండుసార్లు బిగించి, మూడోసారి బిగించబోయి ఒకటి విరగ్గొట్టాను.

బుధవారం పొద్దున్నే బయలుదేరాం. పెద్దమ్మా, తక్కిన ఆడవాళ్ళూ మా కారు వైపు ఒకసారి చూసి, దేవుడికి దణ్ణం పెట్టుకుని, బస్సెక్కారు. పెద్దనాయన పట్టుపంచె, జరీ కండువాతో నా పక్క సీట్లో బిగుసుకుని కూర్చున్నాడు. ఇంజను గర్జించింది. తర్లుపాడు వచ్చేలోపల పలక మీద ఆయన రాసిన మాటలు మూడు. మొదటిది "మెల్లగా". రెండోది "ఇంకా మెల్లగా". మూడోది "ఎద్దులు". కంభం దాటాక రోడ్డు కాస్త నునుపైంది. చెరువు వైపు నుంచి చల్లటి గాలి వచ్చింది, దూరంగా కొండలు పొగమంచులోంచి ఒక్కొక్కటే బయటికి వచ్చాయి, నా జుట్టు అచ్చం కలలో లాగే ఎగిరింది. ఓరగా చూస్తే పెద్దనాయన కళ్ళు సగం మూసుకుని ఉన్నాడు. కాసేపటికి బలపం తీసుకుని "బాగుంది" అని రాసి, నేను చదివానో లేదో అన్నట్టు చూసి, వెంటనే జరీ కండువాతో తుడిచేశాడు. గిద్దలూరులో పెళ్ళివారు మమ్మల్ని చూసి బ్యాండు మేళం ఆపారు. (మా ఇంజను ముందు అది ఎలాగూ వినిపించడం లేదు.)

అసలు కథ తిరుగు ప్రయాణంలో. భోజనాలు చేసి బయలుదేరాం. పొద్దున మేము వచ్చిన రోడ్డు మీద ఒకచోట మధ్యాహ్నానికి కంకర పరిచారు. దాని మీద ఎక్కగానే కాళ్ళ కింద టప్‌మని ఒక శబ్దం. "ఏంది?" అని రాశాడు పెద్దనాయన. "ఏం లేదు" అని రాశాను. వెనక అద్దంలో చూస్తే, రోడ్డు మీద చక్కగా చీలిన పలక ఒకటి ఎండలో మెరుస్తోంది. కాసేపటికి ఇంకొకటి. ఉలి తాత కూడా అంత నేర్పుగా చీల్చి ఉండడు. కారు నేల పొర తర్వాత పొరగా, పెద్ద పొరా చిన్న పొరా అనే తేడా లేకుండా దారి పొడుగునా రాలుతూ వచ్చింది. తర్లుపాడు దగ్గర పెద్దనాయన కిందికి చూసుకుని, తన పాదాల నడుమ రోడ్డు పరుగెత్తడం గమనించి, ఒక్క ఉదుటున రెండు కాళ్ళూ ఎత్తి ముందున్న పలక మీద పెట్టాడు. ఇక రాయడానికి చోటు లేదు. రాయవలసిన విషయం కూడా ఇద్దరికీ తెలిసిపోయింది. సీట్లు ఇనుప చట్రానికి, పెడళ్ళు ముందు గోడకు బిగించి ఉన్నాయి కాబట్టి మేము, కారు ఇంకా కలిసే ఉన్నాం.

రైల్వే స్టేషను దాటి, మా ఊరి ఇళ్ళు కనిపిస్తుండగా, కింది నుంచి లేచిన దుమ్మంతా మింగిన ఇంజను నాలుగుసార్లు దగ్గి ఆగిపోయింది. ఎన్నిసార్లు తిప్పినా ఉలకలేదు, పలకలేదు. పొద్దుటి నుంచీ ఆ మోతకు అలవాటుపడ్డ చెవులకు ఆ నిశ్శబ్దం వింతగా ఉంది. ఎక్కడో జొన్నచేలో పిట్టల కూత వినిపించింది. "నువ్వే గెలిచినావు పెద్దనాయనా. దిగు, నడుద్దాం" అన్నాను. ఏడుపు ఆపుకోవడానికి స్టీరింగునే చూస్తూ అన్నాను.

ఆయన కదల్లేదు. సీటు వెనక దోపిన చెప్పులు తీసి తొడుక్కుని, పట్టుపంచె మోకాళ్ళ పైకి దోపి, సీట్లో కూర్చునే రెండు కాళ్ళూ కిందికి వదిలాడు. అవి రోడ్డు మీద చక్కగా ఆనాయి. "ఎవురు దిగేది? నేను దిగనంటి గదా. ఊఁ, నువ్వు గూడా పెట్టు కాలు" అన్నాడు. ముందు రోడ్డు కాస్త పల్లంగా ఉంది. ఇద్దరం సీట్లలో కూర్చునే నేలను తన్నాం. కారు కదిలింది. అడుగూ అడుగూ కలిసేసరికి కాస్త వేగం కూడా వచ్చింది. అదే సమయానికి గిద్దలూరు నుంచి ఆడవాళ్ళు వస్తున్న బస్సు మమ్మల్ని దాటింది. కిటికీ దగ్గర కూర్చున్న పెద్దమ్మ మా వైపు చూసింది, కారు కింద నడుస్తున్న నాలుగు కాళ్ళను చూసింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ముఖం అవతలికి తిప్పేసుకుంది.

దారిలో ఆయన మాట్లాడటం మొదలుపెట్టాడు. పెద్దనాయన అంతసేపు మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. "నీ వయసులో నేను లారీ డ్రైవర్ని కావాలనుకుంటిరా. ఒగసారి ఇంట్లో చెప్పకుండా లారీ ఎక్కి బళ్ళారి దాకా పోయినా. మా నాయన వచ్చి చెవి పట్టుకొని తోలకొచ్చి ఫ్యాక్టరీలో కూర్చోబెట్టినాడు. మళ్ళా యాడికీ పోలే. స్టీరింగు ముట్టుకోనే లేదు" అన్నాడు. అన్నాక సిగ్గుపడ్డట్టు అవతలికి చూశాడు. నేను ఆలోచించకుండా "ఇప్పుడు పట్టుకో" అన్నాను. కారు దిగకూడదు కదా, అందుకని లోపల్నుంచే సీట్లు మారాం. పట్టుపంచె కట్టుకున్న పెద్దమనిషితో, నేల లేని కారులో, అది ఎలా జరిగిందో వర్ణించడం మర్యాద కాదు. స్టీరింగు రెండు చేతులా పట్టుకుని, కాళ్ళతో నడుస్తూ, ఖాళీ రోడ్డు మీద అనవసరంగా లారీ హారన్ కొడుతూ, ఆయన ఆ కారును సొంతంగా నడిపాడు. చిన్నప్పుడు ఏ ఊళ్ళు చూడాలనుకున్నాడో, ఏ పాటలు పాడేవాడో అన్నీ చెప్పాడు. ఇల్లు చేరేసరికి నా కాళ్ళు పీకేస్తున్నాయి గానీ, ఇల్లు ఇంకాస్త దూరంలో ఉంటే బాగుండుననిపించింది.

ఇంటి గేటు దగ్గర ఉలి తాత మా కాళ్ళ వైపు చాలాసేపు చూశాడు. "ఏం చూస్తావు? నేనింటి ముందరే దిగినా. కారు అబ్బాయిది. మిషనుకు ఇంకో షెడ్డు కట్టిస్తాలే" అని పెద్దనాయన దర్జాగా తలుపు తీసుకుని దిగాడు. నిజానికి అప్పటికి ఆయన తలుపు తీయనక్కర్లేదు, లేచి నిలబడితే చాలు.

నేను ఆ ఉత్సాహంలో ఒంగోలు నుంచి రేకు తెచ్చి నేల వేశాను. ఇంజను మొత్తం విప్పి, ప్రతి ముక్కా కడిగి, నాకున్న విద్యంతా ప్రయోగించి మళ్ళీ బిగించాను. అది నేను జీవితంలో చేసిన అత్యుత్తమమైన రిపేరు. ఆ తర్వాత ఆ కారు ఎన్నేళ్ళు ఉందో అన్నేళ్ళూ దారిలో ఒక్కసారి కూడా ఆగలేదు. పెద్దనాయన చాలాసార్లు నా పక్కన కూర్చుని వచ్చాడు. ఎప్పుడైనా, ఆ రోజు కారు ఆగినప్పటిలా, ఏదో చెబుతున్నట్టు పెదవులు కదిలేవి. నేను ఆ మోతలో ఏమీ వినిపించక, ఇంజను మీదే చెవి పెట్టి, తల ఊపేవాణ్ణి. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. కారు అంతకు ముందే పోయింది. ఇప్పుడు నాకు ఆయన వయసు వచ్చింది. ఆ షెడ్డులో కారు కింద కాళ్ళు బయటపెట్టి పడుకున్న ఆ ఇరవై రెండేళ్ళ మెకానిక్ ఒక్కసారి కనిపిస్తే, పక్కన గొంతుక్కూర్చుని బతిమాలాలని ఉంటుంది: ఒరే నాయనా, నీ పనితనం మండిపోను, ఎక్కడో ఒక నట్టు వదులుగా వదిలెయ్యరా.