అప్పలస్వామి గారి పిరానాలు

ఆదివారం చేపల బజారుకు వెళ్లినప్పుడల్లా ఆ నీచువాసన మధ్య ఒకచోట నా కాళ్లు ఆగిపోతాయి. రూప్‌చందుల గంప దగ్గర. "ముల్లు తక్కువ మేడం, సూడండి ఎంత బాగున్నాదో" అంటూ అమ్మే ఆవిడ ఒకదాన్ని ఎత్తి పట్టుకుంటుంది. దాని పెదవి వెనక వరసగా పళ్లు, అచ్చం మన దవడ పళ్లలాగే. ఆ చేపను నేను ఇంతవరకు కొనలేదు, వండలేదు. ఇంట్లోవాళ్లు ఆటపట్టిస్తారు. ఆ పళ్లు చూడగానే నాకు ఒకప్పటి మా ఇంటి ఓనరు అప్పలస్వామి గారు గుర్తొస్తారు. ఆయనతోపాటు అప్పటి నా పొగరు కూడా.

అరసవల్లిలో ఆయన మేడ మీద వాటాలో అద్దెకు దిగేనాటికి నాకు జువాలజీలో ఎమ్మెస్సీ, కాలేజీలో కొత్త ఉద్యోగం, ఆ రెండింటికీ మించిన గొప్ప ఉండేవి. ఆయన ఆమదాలవలస స్టేషన్‌లో టికెట్లు ఇచ్చి ఇచ్చి రిటైరైన మనిషి. నెమ్మదస్తుడు. అలాంటి మనిషి హాల్లో నాలుగడుగుల అద్దాల తొట్టి పెట్టి ఐదు పిరానాలను పెంచేవారు. వెండి ఒళ్లు, ఎర్రటి పొట్ట, జానెడు పొడవు. విశాఖలో ఎవరో అమ్మారట. ఇంటికి ఎవరొచ్చినా ముందు హెచ్చరిక: "సెయ్యి ఎట్టకండి బాబూ, ఏళ్లు మిగలవు!" గుడికొచ్చిన చుట్టాలు సూర్యదేవుడి దర్శనం కాగానే ఈ దర్శనానికి వచ్చేవారు. వీధిలో ఆయన పేరే పిరానా మావయ్య అయిపోయింది.

తొట్టి దగ్గర ఆయన పని చూసి తీరాలి. కుళాయి నీళ్లు బకెట్లలో పట్టి, బ్లీచింగు వాసన పోయేదాకా ఉంచి, వారానికోసారి మూడోవంతు మాత్రమే మార్చేవారు. అన్నీ ఒకేసారి మార్చరేమని అడిగితే, "నిన్ను నిద్దర్లో ఎత్తికెళ్లి ఏరే ఊర్లో పడేస్తే ఎలాగుంటాదమ్మా?" అన్నారు. అందరూ భయపడే చేపలే ఎందుకు మావయ్యా అని ఒకసారి అడిగాను. అద్దం తుడుస్తున్న చెయ్యి ఆపారు. "ముప్పయ్యేళ్లు ఆ కిటికీ ఎనకాల కూకుని అందరి సేతా తిట్లు తిన్నాను తల్లీ. ఇప్పుడు నా ఇంటికొచ్చినోళ్లు మరేదగా రెండడుగులు ఎనక్కి నిలబడతన్నారు. సాలదేటి?" నవ్వుతూనే అన్నారు గానీ, ఆ మాట నేను మనసులో పెట్టుకోవాల్సింది.

పెట్టుకోలేదు. ఒక సాయంత్రం ఆయన బావమరిది కుటుంబమంతా వచ్చింది, హాలు నిండిపోయింది. నేనూ అక్కడే ఉన్నాను. ఆయన భార్య రవణమ్మత్త పిల్లలకు అరటిపండు ఒలుస్తుంటే ఒక ముక్క జారి తొట్టిలో పడింది. ఐదు చేపలూ ఎగబడ్డాయి. అద్దానికి ఆనుకుని తింటున్న ఒకదాని నోరు నాకు దగ్గరగా కనిపించింది. పిరానాకు రంపపు మొనల్లాంటి పళ్లుంటాయి. ఇవి నమిలే పళ్లు. ఆ సంగతి ఆయన ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పి ఉండొచ్చు కదా నేను! నేను పకపకా నవ్వేశాను. "మావయ్యా, ఇవి పిరానాలు కావండీ! రూప్‌చందులు! బజార్లో కూరకు అమ్మే చేపలు!"

"ఓర్నాయనో! కూరసేపకి ఇన్నాళ్లూ మా సేత దండాలెట్టించావేటి బావా!" అని బావమరిది పొట్ట పట్టుకున్నాడు. అందరూ నవ్వారు. అప్పలస్వామి గారు తొట్టి వంకే చూస్తూ నిలబడ్డారు. ఆ ముఖం చూశాక నాకు నవ్వు ఆగిపోయింది. ఆయన లేకలేక సంపాదించుకున్న గౌరవాన్ని, నా చదువు చూపించుకోవడానికి నలుగురి ముందూ తీసి పారేశాను. ఎంత సిగ్గుపడ్డానో చెప్పలేను.

మర్నాడు పొద్దున్నే ఆయనే మేడెక్కి వచ్చారు. "పళ్లు ఎలాగ సూడాలో సూపించమ్మా" అన్నారు. ఇద్దరం కిందికి దిగాం. అరటి ముక్కతో చేపల్ని దగ్గరికి రప్పించి, టార్చి వేసి, నా పుస్తకంలోని బొమ్మ పక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. తర్వాత చొక్కా తొడుక్కుని, నన్నూ రమ్మని వీధిలో ఇంటింటికీ నడిచారు. ప్రతి గుమ్మంలోనూ ఒకటే మాట: "నాను సెప్పింది తప్పు. అవి పిరానాలు కావు, రూప్‌చందులు. పిల్లల్ని ఉత్తినే బెదరగొట్టీసేను." కొందరు మొహం మీదే నవ్వారు. ఆ నవ్వు అయ్యేదాకా ఆగి తర్వాతి ఇంటికి వెళ్లారు. తిరిగొస్తూ నన్ను క్షమించమన్నాను. "నిజమే సెప్పావు కదా, దానికేటి? నలుగుర్లో నవ్వావు సూడు, అదే కూసింత గుచ్చుకున్నాది" అన్నారు. ఆ వెంటనే టీ తాగుతావా అని అడిగారు.

చేపల్ని కూర వండేయమన్నాడు బావమరిది. నాగావళిలో వదిలేయమన్నారు పక్కింటివాళ్లు. అవి మన ఏటి చేపలు కావు, వదిలితే ఏట్లో ఉన్నవాటికి ముప్పని నేను చెప్పాను. "అయితే నా కాడే ఉంటాయి. పిరానాలు కాపోతే తిండి ఎట్టనేటి?" అని, పెరుగుతున్న చేపల కోసం పెరట్లో పెద్ద సిమెంటు తొట్టి కట్టించారు. వీధిలో వెక్కిరింతలు కొన్నాళ్లు నడిచాయి. ఆ తర్వాత కుళాయి దగ్గర గొడవొచ్చినా, ప్రహరీగోడ దగ్గర తగువొచ్చినా, "అప్పలసామి మావని అడుగుదాం, తనకి నట్టమైనా ఉన్నదే సెప్తాడు" అనడం నా చెవులతో విన్నాను.

ఆయన పోయి మూడేళ్లయింది. ఈమధ్య క్లాసులో, సొరచేపకు నీళ్లలో తేలడానికి గాలితిత్తి ఉంటుందని పొరపాటున చెప్పేశాను. వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచి, "లేదని పుస్తకంలో ఉన్నాది మేడం" అంది. క్లాసంతా కిసుక్కుమంది. ఒక్క క్షణం పాత పొగరు తన్నుకొచ్చింది, ఏదో ఒకటి చెప్పి మాట తిప్పేద్దామనిపించింది. పుస్తకం తెరిచి చూశాను. ఆ అమ్మాయి చెప్పిందే ఒప్పని, నాది తప్పని అందరికీ చెప్పి, వాళ్ల నవ్వు అయ్యేదాకా నిలబడ్డాను. అలా నిలబడడం నాకు ఏ చదువూ నేర్పలేదు, ఆయనే నేర్పారు. ఆ పొద్దున నన్ను వెంటబెట్టుకుని వెళ్లినందుకు ఆయనకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

అదే పాఠం ముందురోజు పక్క సెక్షన్‌లోనూ చెప్పి ఉన్నాను. అక్కడ ఎవరూ నా తప్పు పట్టుకోలేదు. గంట కొట్టగానే అక్కడికి వెళ్లి, గుమ్మంలో నిలబడి చెప్పాను.