తెల్లబట్ట అని రాసిన నొప్పి

2022 వానాకాలం. సంతోష్‌నగర్‌లో ఒక చిన్న ఆసుపత్రి, గైనిక్ ఓపీలో నేను స్టాఫ్ నర్సును. డాక్టరు గది బయట బల్ల వేసుకుని, వచ్చినవాళ్ల బాధేమిటో అడిగి చీటీ మీద రాయడం నా పని. బల్లకు ఇటు నేను, అటు పేషెంటు, ఆమె భుజం మీదుగా చెవులు రిక్కించే మరో ఇరవై మంది. ఆడవాళ్లు తమ బాధలు చెప్పుకోవడానికి మేమిచ్చిన చోటు అది.

అలాంటి చోట ఎవరూ ఉన్నది చెప్పరు. గొంతు తగ్గించి "కింద బాధ" అంటారు. మేం డబ్ల్యూడీ అని రాసేస్తాం. వైట్ డిశ్చార్జ్, అంటే తెల్లబట్ట. అది చూడగానే డాక్టరు చెయ్యి దానంతటదే ఇన్‌ఫెక్షన్ మాత్రలు, పూతమందు రాసేస్తుంది. పరీక్ష చేసే తీరిక ఎవరికుంది?

సబీహాది ఫలక్‌నుమా, ఇరవై ఎనిమిదేళ్లు. ఇంట్లోనే మగ్గం వర్క్ చేస్తుంది. పెళ్లి జాకెట్లకు జరీ పూలు కుట్టడానికి రోజంతా నేలమీద కూర్చోవాలి. ఆ వానాకాలంలో ఒకరోజు వచ్చినప్పుడు, కుర్చీ చూపించినా ఆమె కూర్చోలేదు. ఫైలు తెరిస్తే ఏడాదిన్నరలో ఆరు చీటీలు. అన్నిటి మీదా డబ్ల్యూడీ. అన్నీ నా చేతిరాతే.

"తెల్లబట్ట ఇంక తగ్గలేదామ్మా?" అన్నాను.

"నాకు తెల్లబట్ట ఎన్నడు లేదు సిస్టర్. మంట. కారం రాసినట్టు మంట. బట్ట తగిలినా ఓర్వలేను. నువ్వు అడగలే, నేను చెప్పలే. అందరు వింటరు కదా."

నా మీద నాకే ఒళ్లు మండింది. ఆమెను కర్టెన్ వెనక్కి తీసుకెళ్లి అంతా విన్నాను. కూర్చోలేక ఆర్డర్లు వదులుకుంది. భర్త దగ్గరికొస్తే వణుకు. అత్త నాటకాలంటోంది. ఇంతకుముందు చూసిన డాక్టరేమో, ఇంకో కాన్పయితే అదే పోతుంది, ఎక్కువ ఆలోచించకు అన్నాడట. ఒక్కసారి పరీక్ష చేసిన పాపాన పోలేదు.

కొత్తగా చేరిన డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లి చూపించాను. ఆవిడ దూదిపుల్లతో ఒక్కోచోట మెల్లగా తాకుతూ, నొప్పి ఎక్కడని అడిగింది. దీన్ని కాటన్ స్వాబ్ టెస్ట్ అంటారు. దానికి యంత్రం అక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు. ఒకచోట తాకగానే సబీహా నా చెయ్యి గట్టిగా పట్టేసుకుంది. ల్యాబ్‌లో ఇన్‌ఫెక్షన్ లేదని తేలాక డాక్టరమ్మ జబ్బు పేరు చెప్పింది, వల్వోడైనియా. బయటి జననాంగంలో మూడు నెలలు దాటినా పోని నొప్పి. పుండు కనపడదు, ఇన్‌ఫెక్షన్ కనపడదు, నొప్పి మాత్రం నిజం. పూతమందులు, సబ్బు ఆపేయమంది. అవే మంటను పెంచి ఉండొచ్చట. నరాల నొప్పికిచ్చే మాత్ర తక్కువ మోతాదులో, కటి కండరాలకు ఫిజియోథెరపీ. నెలలు పడుతుందని ముందే చెప్పింది.

సబీహా మందులచీటీ తీసుకుని కూడా కదల్లేదు.

"మేడమ్, దీనికి పేరున్నదని కాయితం మీద రాసియ్యుండ్రి. ఉర్దూల గూడ. ఇంట్ల చూపెట్టాలె. గట్లయితేనే నమ్ముతరు."

డాక్టరమ్మ తెలుగులో రాసింది, మా ల్యాబ్ అమ్మాయి ఉర్దూలో రాసింది. స్టాంపు వేసి ఇచ్చాం. పన్ను నొప్పికి ఇంట్లో స్టాంపు వేసిన కాగితం చూపించుకునే మనిషిని నేనింతవరకు చూడలేదు.

ఎనిమిది నెలల తర్వాత, "గంటసేపు కూసుంటున్న సిస్టర్" అని చెప్పింది. మంట పూర్తిగా పోలేదు, చాలా తగ్గింది. పోగొట్టుకున్న ఏడాదిన్నరను మాత్రం మేమెవరం తిరిగివ్వలేం. అందులో నా వాటా చిన్నదేం కాదు.

ఇప్పుడు ఎవరొచ్చినా కర్టెన్ వెనకే అడుగుతాను. నొప్పి ఉందా, ఎక్కడ, ఏం చేస్తే ఎక్కువవుతుంది అని. చెప్పింది చెప్పినట్టు వాళ్ల మాటల్లోనే రాస్తాను. లైన్ కదలడం లేదని మొన్న పెద్ద డాక్టరు విసుక్కున్నాడు.

"తొందరగ పంపినోళ్లంత మళ్ల ఇదే లైన్లకు వస్తున్నరు సార్" అన్నాను.