జీడిగుండుకి అసలు కొలత

అది 2023. విశాఖపట్నంలో ఇలస్ట్రేషన్ కోర్సు రెండో ఏడాది చదువుతున్నాను. అంతకుముందు టెక్కలిలో మెకానికల్ డిప్లొమా చేశాను. యంత్రాల భాగాలు గీసినవాడికి బొమ్మల చదువెందుకని ఇంట్లో చాలామంది అడిగారు. ఇలస్ట్రేషన్ అంటే గోడకి తగిలించుకునే అందం కాదని, ఒక సంగతి చూడగానే అర్థమయ్యేలా గీయడమని జవాబు చెప్పేవాణ్ణి. అలా చెప్పడం తేలికే. పలాసలోని ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో నా బొమ్మ ఒకటి ఏం చేసిందో చూశాక ఆ జవాబు అంత ధైర్యంగా చెప్పడం మానేశాను.

మద్దిలపాలెంలో నలుగురం ఒక గదిలో ఉండేవాళ్లం. వారానికి అరవై స్కెచ్‌లు గీసి చూపించాలి. నా పుస్తకం వెనక అట్ట మీద జాబితా ఉండేది: బస్సులో నిలబడి నిద్రపోయేవాళ్లు, పూర్ణా మార్కెట్లో తూకం వేసే చేతులు, బీచ్ రోడ్డులో చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవాళ్లు. ఒక్కొక్కటి గీశాక టిక్కు పెట్టేవాణ్ణి. "ఒరే, నువ్వు బొమ్మలేస్తున్నావా, సరుకుల చిట్టీ రాస్తున్నావా?" అని గదిలోవాళ్లు నవ్వేవారు. నిజమే, నేను గీసేటప్పుడు కూడా లెక్కపెడతాను.

ఆ ఏడాది చివరి ప్రాజెక్టు ఇన్ఫర్మేషన్ ఇలస్ట్రేషన్. చదువు రానివాళ్లు కూడా చూసి పని చేసుకోగలిగే బొమ్మ ఒకటి తయారుచేయాలి, అదీ నిజమైన క్లయింటుకి. మా పెద్దక్క భర్త రాజారావు బావ పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్. ఫోన్ చేస్తే సంబరపడ్డాడు.

"గ్రేడింగు బల్లల కాడికి కొత్త ఆడపిల్లలు వొచ్చినారు బామ్మర్దీ. ఏ పప్పు ఏ రకమో తెలవక తికమక పడతన్నారు. బొమ్మేసి ఇచ్చీ, గోడకి తగిలించేత్తాను."

గ్రేడింగ్ అంటే పప్పుని పరిమాణాన్ని బట్టి వేరు చేయడం. డబ్ల్యూ 240 అంటే అరకిలోకి కాస్త తక్కువుండే ఒక పౌను బరువుకి దాదాపు రెండు వందల నలభై గుండ్లు, అంటే విరగని పప్పులు, తూగే రకం. 320 అంటే అంతకంటే చిన్నవి, పౌనుకి మూడు వందల ఇరవై దాకా. ఆ రెండింటికీ పొడవులో తేడా రెండున్నర మిల్లీమీటర్లు. పన్నెండేళ్లుగా గ్రేడింగ్ బల్ల దగ్గర కూర్చుంటున్న ఎస్తేరమ్మ ఆ తేడాని చూడకుండానే చెప్పేది. గుప్పెడు పప్పు తీసి, పక్కామెతో కబుర్లాడుతూనే నాలుగు గిన్నెల్లోకి వేరు చేసేసేది. కొత్తవాళ్లకి పని నేర్పేదీ ఆవిడే.

నేను పలాస వెళ్లి, ఆ బల్ల దగ్గరే వెర్నియర్ కాలిపర్‌తో ఒక్కో రకంలో నలభై గుండ్లు కొలిచాను. మిల్లీమీటరులో భాగాలు కూడా చూపించే కొలత పరికరం అది. సగటు తీసి, ప్రతి రకాన్నీ వన్ టు వన్, అంటే అసలు పప్పు ఎంతుందో అంతే గీశాను. పప్పుని బొమ్మ మీద పెడితే చాలు, రకం తెలిసిపోతుంది. కాలేజీలో ప్రింట్ తీసి కొలిస్తే అన్నీ సరిపోయాయి. మంచి మార్కులు వచ్చాయి. పలాసలో నాలుగు బల్లలకి నాలుగు కాపీలు కావాలని బావ అడిగితే ఫైలు వాట్సాప్‌లో పంపేసి, జాబితాలో ఆ ప్రాజెక్టు పక్కన టిక్కు పెట్టేశాను.

నెల తిరిగాక బావ ఫోన్ చేశాడు. 240 డబ్బాల్లో 320 పప్పు కలిసిందని కొనుగోలుదారు లోడు మొత్తం వెనక్కి పంపాడట. కొత్తవాళ్లకి ఎస్తేరమ్మ సరిగా నేర్పలేదని ఫ్యాక్టరీ యజమాని సావుకారు ఆవిణ్ణి గ్రేడింగ్ నుంచి తీసేసి కటింగ్‌లో వేశాడట.

"ఆ బొమ్మే తప్పని ఆవిడ ఒకటే గోల. అందరూ నవ్వుతన్నారు. నువ్వోపాలి వొచ్చి కొలిసి సూపించీ, ఆవిడ నోరు మూత పడతాది."

కటింగ్ అంటే ఉడికిన జీడిపిక్కని కత్తి యంత్రం కింద పెట్టి పగలగొట్టడం. పిక్క పెంకులోంచి వచ్చే సొన చర్మాన్ని కాల్చేస్తుంది. వేళ్లు నల్లబడి తోలు ఊడుతుంది. వయసులో ఉన్నప్పుడు ఎనిమిదేళ్లు కటింగ్ చేసి, ఎస్తేరమ్మ గ్రేడింగ్ బల్లకి వచ్చిందని బావే చెప్పాడు. ఇప్పుడు మళ్లీ అక్కడికే పంపారు.

మర్నాడు కాలిపర్ సంచిలో పెట్టుకుని రైలెక్కాను. నిజం చెప్పాలంటే నేను వెళ్లింది ఎస్తేరమ్మ కోసం కాదు. నలభై కొలతలు తీసినవాణ్ణి తప్పని ఎలా అంటారన్న పట్టుదలతో వెళ్లాను.

గ్రేడింగ్ హాల్లో నాలుగు బల్లల వెనక గోడకి నా నాలుగు చార్టులు ఉన్నాయి. 240 డబ్బాలోంచి ఒక గుండు తీసి కొలిచాను. ఇరవై ఎనిమిది మిల్లీమీటర్లు. నా పట్టికలోనూ అంతే. బావ మొహం వెలిగింది. అప్పటికి ఎస్తేరమ్మని కటింగ్ షెడ్డు నుంచి పిలిపించారు. చేతులు పైట కింద దాచుకుని గుమ్మం దగ్గరే నిలబడింది.

"చూడు పిన్నీ, కొలత సరిగ్గానే ఉంది" అన్నాను.

"పప్పుని కొలిత్తావేటి బాబూ? పప్పుని దేవుడు సరిగానే సేసినాడు. నీ బొమ్మని కొలు."

బల్ల దగ్గరి పిల్లలు కిసుక్కుమన్నారు. నేను కాలిపర్ తీసుకెళ్లి గోడ మీది బొమ్మకి ఆనించాను. ఇరవై ఆరు పాయింట్ మూడు. మళ్లీ కొలిచాను. రెండో చార్టు, మూడోది, నాలుగోది కొలిచాను. నాలుగూ ఇరవై ఆరు పాయింట్ మూడే. నా 240 బొమ్మ అసలు 240 కంటే 320కే దగ్గరగా ఉంది. పిల్లలు చార్టు చెప్పినట్టే చేశారు. చార్టే అబద్ధం చెప్పింది.

కారణం కనుక్కోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. ప్రింటర్లు కాగితం అంచుల దాకా రంగు వేయలేవు. నా బొమ్మేమో అంచు దాకా ఉంది. పలాస పక్కనే ఉన్న కాశీబుగ్గలో ప్రింట్ తీసిన షాపులో ఫిట్ టు పేజ్ అనే ఆప్షన్ పెట్టారు. బొమ్మ మొత్తం కాగితంలో పట్టేలా యంత్రమే దాన్ని కుదించేస్తుంది. నూటికి ఆరు పాళ్లు తగ్గింది. మామూలు పోస్టరైతే ఎవరికీ తెలియదు.

బావ నన్ను పక్కకి లాగాడు. "అయితే షాపోడి తప్పే గదా. సావుకారికి అలగే సెప్పేద్దాం. నీకేటి?"

నాకు చాలానే ఉంది. మెకానికల్ డ్రాయింగ్‌లో మొదటి నెలలోనే నేర్పుతారు, బొమ్మ పక్కన స్కేలు గీత ఉండాలని. కాగితం మీద బొమ్మ ఎంత సాగినా కుంచించుకుపోయినా ఆ గీతని కొలిస్తే తెలిసిపోతుంది. నా మొదటి డ్రాఫ్టులో ఆ గీత ఉంది. కింద అడ్డంగా ఉండి అందం చెడగొడుతోందని నేనే తీసేశాను. ఎవరూ తీయమనలేదు.

సావుకారు గదిలో ఆ మాటే చెప్పాను. ఆయన చార్టుని, నన్ను, మళ్లీ చార్టుని చూశాడు. "ఇంత సదువుకుని ఇదేటి బాబూ?" అన్నాడు. తర్వాత ఎస్తేరమ్మ అక్కడే నిలబడి ఉండగా బావ వైపు తిరిగి, "రేపట్నించి ఆవిణ్ణి బల్లకాడ కూకోమను" అన్నాడు. అంతే. ఆవిడతో ఒక్క మాట అనలేదు.

ఆ మధ్యాహ్నమే కొత్త డ్రాఫ్టు మొదలుపెట్టాను. పది సెంటీమీటర్ల గీత, దాని మీద గళ్లు. ఎస్తేరమ్మ నా భుజం మీదుగా తొంగి చూసింది.

"ఈ గీతలు మాకేటి తెలుత్తాయి బాబూ? మాకాడ ఉండేదేదైనా ఎట్టు."

ఒక్క క్షణం ఆలోచించి రూపాయి బిళ్ల అన్నాను. అందరి దగ్గరా ఉంటుంది, చార్టు మీద అంతే వలయం గీస్తే అందులో పెట్టి చూసుకోవచ్చు. బల్ల మీద మూడు రూపాయి బిళ్లలు పెట్టి కొలిస్తే మూడూ మూడు సైజులు. అయిదు రూపాయలవీ అంతే. చివరికి పది రూపాయల బిళ్లలు నాలుగు కొలిచాను. నాలుగూ ఇరవై ఏడు మిల్లీమీటర్లు.

"ఆ బిళ్ల కొట్టోళ్లెవులూ పుచ్చుకోరు గదా" అంది ఒక కొత్త పిల్ల. "ఇక్కడేనా పనికొత్తాది నెండి." ఎస్తేరమ్మతో సహా అందరూ నవ్వారు.

చార్టు కింద మూల ఒక వలయం గీశాను. పది రూపాయల బిళ్ల అందులో సరిగ్గా కూర్చుంటేనే ఆ చార్టు వాడాలి. లేకపోతే చింపేయాలి.

వచ్చేముందు ఎస్తేరమ్మకి క్షమాపణ చెప్పాను. చెప్పి ఊరుకోకుండా, ఆవిడ చేతులు ఒకసారి గీసుకోనా అని కూడా అడిగాను. అడగకూడని సమయమని అడిగాక తెలిసింది.

"ఇప్పుడు కాదు" అంది. "మొన్న ఆదివారం సర్చిలో ప్రభు బల్లకాడ రొట్టి అందుకోడానికి సెయ్యి సాపాల్సొచ్చింది. అందరూ నా ఏళ్లే సూసినారు. నలుపు పోయి పన్నెండేళ్లయిందిలే అనుకున్నాను గానీ పది రోజుల్లో మళ్లీ వొచ్చీసింది. ఈ నలుపు దిగనీ. అప్పుడొచ్చి గీద్దువు."

ఇప్పుడు ఏ పనైనా పంపేముందు మూడు చేస్తాను. బొమ్మలో కొలతకి గుర్తు పెడతాను. నా దగ్గరి ఫైలుని కాకుండా, అవతల ప్రింటైన కాగితాన్ని కొలుస్తాను. బొమ్మ తప్పైతే ఎవరికి దెబ్బ తగులుతుందో కనుక్కుని, ముందు వాళ్లకే చూపిస్తాను. మొదటి రెండూ నాకు డిప్లొమాలోనే నేర్పారు, నేను పాటించలేదు. మూడోది ఎక్కడా నేర్పలేదు. చార్టు గోడకెక్కిన మొదటి రోజే ఎస్తేరమ్మ పప్పు పెట్టి చూసి తప్పని చెప్పిందట. ఆ రోజు నేనక్కడ ఉంటే ఆ పది రోజులు ఉండేవి కావు.

దసరా సెలవులకి మళ్లీ పలాస వెళ్లాను. గోళ్ల అంచున సన్నటి గీత తప్ప నలుపు దిగిపోయింది. ఎస్తేరమ్మ బల్ల మీది పప్పు పక్కకి జరిపి, కుడిచెయ్యి చాపి ఉంచింది. వన్ టు వన్‌లో గీశాను, గంట పట్టింది. అయ్యాక ఆవిడ తన అరచేతిని బొమ్మ మీద ఆనించి, ఒక్కో వేలు సరిచూసుకుంది.

"సరిపోయినాది" అంది. పప్పు మళ్లీ ముందుకి లాక్కుంది.